స్కువాలో దొరికిన స్వెటర్

దేదీప్య అమెరికాలోని ట్రాయ్‌లో ఒక డెంటల్ క్లినిక్‌లో పళ్లు క్లీన్ చేసే ఉద్యోగం చేసేది. 2009లో భర్త హర్షిత్ దక్షిణ ధ్రువంలోని అమెరికన్ రీసెర్చ్ స్టేషన్‌కి నెట్‌వర్క్ పనిమీద వెళ్తుంటే, లంచ్ టైములన్నీ కూర్చుని పసుపుపచ్చ ఉన్నితో స్వెటర్ అల్లి ఇచ్చింది.

ఫోన్ కలిసినప్పుడల్లా అతను అక్కడి ఇంగ్లీషు నేర్పేవాడు. విమానంలో వచ్చే తాజా కూరగాయలు ఫ్రెషీస్. నెలల తరబడి చీకట్లో ఉండి మతిమరుపు వస్తే టోస్టీ. అక్కర్లేని వస్తువులు పడేసే డబ్బా స్కువా, అందులోంచి ఎవరైనా తీసుకోవచ్చు. ఆ మాటలు తమ ఇద్దరివే అన్నట్టు ఆమె మురిసిపోయేది.

"స్వెటర్ వేసుకుంటున్నావా?" అని ఒకసారి అడిగింది.

"వచ్చేటప్పుడే ఎయిర్‌పోర్ట్‌లో మిస్ అయింది దీపూ. ఏడుపొచ్చింది తెలుసా!"

ఆమే ఓదార్చింది.

అతను తిరిగొచ్చిన చలికాలంలో, స్టేషన్‌లో కలిసి పనిచేసిన కైల్ చెప్పాపెట్టకుండా నోవైలోని వాళ్లింటికి వచ్చాడు. కోటు విప్పితే లోపల ఆ స్వెటరే.

ఆమె చూపు గమనించి, "బాగుంది కదూ? వెళ్లిన మొదటి వారమే స్కువాలో దొరికింది. ఎవడు పడేశాడో పిచ్చోడు!" అన్నాడు కైల్ ఇంగ్లీషులో.

"టోస్టీ అయిపోయి ఏదో చేసుంటాను దీపూ," అని హర్షిత్ తెలుగులో గొణిగాడు.

"మొదటి వారానికేనా?"

ఏదో తేడా జరిగిందనుకుని కైల్ స్వెటర్ విప్పబోయాడు. "వద్దు, స్కువాలో తీసుకున్నది నీదే," అని ఆమె అతనికి పప్పన్నం వడ్డించింది. గిన్నె మూతపెట్టి లోపలికి వెళ్లిపోయింది. హర్షిత్ కంచం ఖాళీగానే ఉంది.