లేహ్ మెట్ల మీద తోటికోడళ్ళు

పొద్దున ఫోను తెరిస్తే అదే ఒక పాత ఫోటోను తీసి చూపించింది. లదాఖ్‌లోని లేహ్ ఊరి పైన, శాంతి స్తూపం మెట్ల మీద మా అత్తమ్మ, ఆమె తోటికోడలైన పెద్దత్తమ్మ పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. ఒంటి మీద గద్వాల చీరలు, నెత్తిన మంకీ టోపీలు, కాళ్ళకు మా మరిది ఇచ్చిన మిలిటరీ మేజోళ్ళు. ఆ ఫోటోకు కాసేపటి ముందు వరకు వాళ్ళకు మాటల్లేవంటే ఎవరూ నమ్మరు.

ఖిల్లా ఘణపూర్ దగ్గర మాది మెట్ట సేద్యం. అన్నదమ్ములు పాళ్ళు పంచుకున్నాక ఒక యాసంగిలో పెద్దత్తమ్మ బోరు ఎండిపోయింది. "పల్లిచేనుకు ఒక్క తడి ఇయ్యి చెల్లె" అని ఆమె మా వాకిట్లోకి వచ్చి అడిగింది. మా బోరు కూడా ఎక్కడ అడుగంటుతుందోనన్న భయంతో అత్తమ్మ ఇవ్వలేదు. చేను ఎండింది. మేం పొలానికి పోయే బాటకు అడ్డంగా పెద్దత్తమ్మ ముళ్ళకంప వేయించింది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు, పెళ్ళిళ్ళలో కూడా, ఒకరు కూర్చున్న చాప మీద ఇంకొకరు కూర్చోలేదు.

మా మరిది పటాలంలో ఉంటాడు. పెద్దత్తమ్మ చేతి ముద్ద తిని పెరిగినవాడు. లేహ్‌లో క్వార్టర్ దొరకగానే, "ఇద్దరమ్మలు కల్సి వస్తెనే రాండ్రి, లేకుంటె ఎవ్వరూ వద్దు" అని ఫోను చేశాడు. వాళ్ళ మధ్య కూర్చోవడానికి నన్ను వెంట తీసుకుపోయారు. విమానంలో నడిమి సీటు నాదే. "కిటికీ మూయమని చెప్పు" అని ఒకరు, "నాకైతె ఎండ తగుల్తలేదని చెప్పు" అని ఇంకొకరు. ఢిల్లీ వచ్చేసరికి నా మెడ పట్టేసింది.

అక్కడి పలచని గాలికి అలవాటు పడాలని రెండు రోజులు ఇంట్లోనే పడుకోబెట్టి, మూడోనాడు మరిది స్తూపం చూపించడానికి బయల్దేరదీశాడు. పైదాకా కారు పోయే తోవ ఉంది. కానీ ఇద్దరూ పంతానికి మెట్లే ఎక్కుతామన్నారు. సగం కొండ ఎక్కాక పెద్దత్తమ్మ కూలబడింది. ముఖం పాలిపోయింది, ఊపిరి అందడం లేదు. పది మెట్లు పైనున్న అత్తమ్మ వెనక్కి చూసి, నాకంటే ముందు దిగి వచ్చింది.

"నోరు మూసి ముక్కుతోని పీల్చక్కా! గిట్ల, నన్ను జూడు" అని గద్దించింది.

తొమ్మిదేళ్ళ తర్వాత మొదటి మాట అది. పెద్దత్తమ్మ ఆమె చేయి గట్టిగా పట్టుకుని, ఆమెతో పాటే ఊపిరి తీసుకుంది. కాస్త తేరుకున్నాక నేను ఫోటో తీశాను. మరిది కిందికి పోయి కారు తెచ్చాడు. ఈసారి ఎవరూ పంతం పట్టలేదు.

పైన తెల్లటి గోపురం, లోపలెక్కడో నగారా మోత, చుట్టూ గడ్డిపోచ మొలవని కొండలు. "గిది ఎవరు కట్టిండ్రు బిడ్డా?" అంది పెద్దత్తమ్మ.

"జపాన్ గురువులు, ఈ ఊరోళ్ళు కల్సి కట్టిండ్రు పెద్దమ్మా. బాంబులు పడ్డ దేశం గద. లోకంల మళ్ళ లడాయి రావద్దని కట్టిండ్రు."

"గంత కష్టం ఎట్ల మరిచిండ్రు?"

మరిది అక్కడున్న లామాను హిందీలో అడిగాడు. ఆయన నవ్వుతూ ఏదో చెప్పాడు. "మరువలేదంట పెద్దమ్మా. యాదుంది గనుకనే కట్టిండ్రంట."

పెద్దత్తమ్మ అత్తమ్మ వైపు తిరిగింది. "నా చేను ఎండింది నేను గూడ మరువలే, చెల్లె" అంది.

"నేనూ మరువలే. గా దినం నాదే తప్పక్కా" అని అత్తమ్మ ఏడ్చింది.

ఊరికి వచ్చిన వారానికి ముళ్ళకంప తీసేశారు. మా బోరు నుంచి పెద్దత్తమ్మ చేనుకు పైపు పడింది. మోటరు వంతు కోసం ఇప్పటికీ అరుచుకుంటారు, కానీ మొహాలు చూసుకునే అరుచుకుంటారు. పోయిన తొమ్మిదేళ్ళను వాళ్ళకు ఎవరూ తెచ్చివ్వలేరు. ఇంకా కొంత కాలం మిగిలి ఉండగానే ఆ రెండు మాటలూ అనుకున్నారు. నాకు అదే పెద్ద సంగతి.