ఒచ్చిన బిడ్డా

నిన్న పొద్దున కాఫీ తాగుతుంటే ఆసుపత్రి నుంచి ఫోన్‌కి ఒక ఫారం వచ్చింది. గాల్‌బ్లాడర్ తీయించుకుని ఇంటికొచ్చారు కదా, మా నర్సుల పనికి మార్కులు వేయండి అని. నవ్వొచ్చింది. ఎల్బీ నగర్‌లోని ఆ ఆసుపత్రిలోనే నర్సింగ్ సూపరింటెండెంట్‌గా రిటైరయ్యేదాకా నేను వేసింది ఆ మార్కులే. మొదటి ప్రశ్న చదివాక మాత్రం కప్పు కింద పెట్టేశాను. "పిలిచినప్పుడు నర్సు ఎంతసేపటికి వచ్చారు?"

మా రెండో అంతస్తు వార్డులో ఒక పెద్ద సిస్టర్ ఉండేది. తుర్కయంజాల్ నుంచి బస్సులో వచ్చేది. మెడలో చిన్న సిలువ, దగ్గరికొస్తే కొబ్బరినూనె వాసన. ఎవరు బెల్ కొట్టినా వరండా ఆ చివర్నుంచే "ఒచ్చిన బిడ్డా, ఒచ్చిన" అని కేకేసేది. నావి గుంటూరు చెవులు. "ఇంకా రాకుండానే వచ్చాననడం ఏంటమ్మా, అబద్ధం కదూ?" అని ఆటపట్టించేదాన్ని. "గట్లంటె పేషెంటుకు పానం నిమ్మలమైతది మేడం" అనేది. పేషెంటు సంగతేమో గానీ నా ప్రాణం విసిగిపోయేది. ఒక మంచం దగ్గర కూర్చుందంటే కబుర్లే, ఇక చార్టు ఆలస్యం, డ్యూటీ అప్పగించడం ఆలస్యం. ఆ ఏడాది ఫారంలో సమయపాలన గడిలో ఐదుకి ఒకటి వేశాను. కాంట్రాక్టు నర్సు కావడంతో, ఆ గడి చూసి పైవాళ్లు ఆమెను మళ్లీ తీసుకోలేదు. వెళ్లే రోజు నా గదికొచ్చి, "ఒక్కటే ఏసినవా మేడం?" అంది. కోపంగా కాదు, తను సరిగా చదవలేదేమో అన్నట్టు. నేను తర్వాతి ఫారం ముందుకు లాక్కున్నాను. మూడు నెలలకు గుండె ఆగి చనిపోయిందని తెలిసింది.

మరుసటి ఏడాది మార్కుల కోసం పేషెంట్లు రాసిన చీటీలు ముందేసుకు కూర్చున్నాను. నాలుగో నంబరు మంచం నుంచి ఒకటి: బెల్ కొట్టకముందే వచ్చిన పెద్ద సిస్టర్ బాగా చూసుకున్నారని. ఎవరో పొరబడ్డారులే అనుకున్నాను. తర్వాత అదే మంచం మీద పడుకున్న తెనాలి ఆయన చీటీలో మాత్రం, "ఒచ్చిన బిడ్డా అనే ఆవిడ పేరు అడగడం మరిచాను" అని ఉంది. అప్పటికి ఆ వార్డులో ఉన్న నర్సులంతా తెలుగు కూడబలుక్కునే కేరళ అమ్మాయిలే. రెండు చీటీలూ చించేశాను. భయం వేసింది, అంతకంటే సిగ్గు వేసింది.

ఇప్పుడు ఆపరేషనయ్యాక నన్ను పడుకోబెట్టింది ఆ నాలుగో మంచం మీదే. మిట్టమధ్యాహ్నం, కాళ్ల మీద ఎండ. సెలైన్ అయిపోయి గొట్టంలోకి నెత్తురు ఎక్కుతోంది. బెల్ కింద పడిపోయింది, పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. అప్పుడు వరండా చివర్నుంచి, "ఒచ్చిన మేడం, ఒచ్చిన." మంచం చుట్టూ ఉన్న తెర కదల్లేదు గానీ కొబ్బరినూనె వాసన వచ్చింది. కాసేపటికి డ్యూటీ అమ్మాయి వచ్చి గొట్టం పైన బిగించి ఉన్న క్లిప్పు చూసి, "గిది ఎవరు బంద్ జేసిన్రు మేడం?" అంది. అక్కడిదాకా నా చెయ్యి అందదు.

ఫారంలో ఐదు చుక్కలూ నొక్కాను. నర్సు పేరు రాయమన్న చోట ఆమె పేరు రాశాను. పంపగానే, "సమయానికి మీ అభిప్రాయం తెలిపినందుకు ధన్యవాదాలు" అని జవాబొచ్చింది. సమయానికట! పిలవకముందే వచ్చే మనిషికి ఆ మార్కులు వేయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.