అడవి రామదాసు మీద అనుమానం

2003 ఫిబ్రవరిలో దొడ్డబళ్ళాపురం నుంచి పిన్ని ఫోన్ చేసింది. ఇంట్లో కోడిపిల్లలు మాయమవుతున్నాయట. పెరడు వెనక గడ్డిబీడులో, తుమ్మచెట్టు మీద ఎర్రకళ్ళ డేగ గూడు కట్టిందట. ఆదివారం చిన్నాయన చెట్టు కొట్టేస్తాడట. నా పక్షుల పిచ్చి తెలుసు కనుక చెబుతున్నానంది.

ఆదివారం ఉదయం ఆరింటికి బెంగళూరు మెజెస్టిక్‌లో బస్సెక్కాను. ఎనిమిది లోపే దిగి, పిన్ని పెట్టిన ఉప్పిట్టు తిని బీడులోకి నడిచాను. చిన్నాయన మగ్గం ఆపి, గొడ్డలితో వెంట వచ్చాడు.

కరెంటు స్తంభం మీద ఉంది అది. కాకి కంటే చిన్నది, బూడిదరంగు వీపు, భుజాల మీద నల్లమచ్చ. పక్షుల పుస్తకాల్లో దీని పేరు అడవి రామదాసు. తోక ఆడిస్తూ నేలనే చూస్తోంది. కాసేపటికి లేచి, గాలిలో ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలబడింది. సరిగ్గా పెరటి కంచె పక్కనే. రెక్కలు పైకెత్తి గడ్డిలోకి దిగిపోయింది.

"చూసినావా అప్పా? మా కోళ్ళ దగ్గరే" అన్నాడు చిన్నాయన.

నాకూ అనుమానం వచ్చింది. కానీ అది లేచినప్పుడు కాళ్ళలో ఎలుక ఉంది. గూటి నుంచి ఆడపక్షి ఎదురొచ్చి, గాలిలోనే దాన్ని అందుకుంది. మేమిద్దరం తలలెత్తి చూస్తుండగా పెరట్లో తల్లికోడి గోల పెట్టింది. తిరిగి చూస్తే ఒక కాకి కోడిపిల్లను ముక్కున కరచుకుని కంచె దాటిపోతోంది.

చిన్నాయన గొడ్డలి నేలకు ఆనించాడు. నా వైపు తిరిగి అడిగాడు. "సరే, ఇప్పుడు పట్టింది ఎలుకనే. కోడిపిల్లను ఎప్పుడూ ముట్టదని నువ్వు చెప్పగలవా?"

పుస్తకాల్లో ఎలుకలు, మిడతలు, తొండలు అని ఉంది. చిన్న పక్షుల్ని కూడా అప్పుడప్పుడు పడుతుందనీ ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాను.

కోడి గోల విని పెరట్లోకి వచ్చిన పిన్నిదే తీర్పు. "ముందు కాకికి అడ్డంగా వల కడదాం. గూట్లో పిల్లలుండాయి, అవి ఎగిరేదాకా చెట్టు జోలికి పోవద్దు."

మధ్యాహ్నం దాకా ముగ్గురం కలిసి వల కట్టాం. కట్టినంతసేపూ చిన్నాయన స్తంభం వైపు చూస్తూనే ఉన్నాడు.

తిరుగు బస్సులో నా మెడలోని బైనాక్యులర్స్ చూసి పక్కసీటాయన సర్వేకి వచ్చినారా అని అడిగాడు. పక్షిని చూడ్డానికన్నాను. నమ్మలేదు. గొంతు తగ్గించి, "లేఅవుట్ యాడ వస్తా ఉండాదో నాకు మాత్రం చెప్పండి సార్" అన్నాడు.

ఆ పక్షిని చూడాలనుకునేవాళ్ళు దొడ్డబళ్ళాపురం చుట్టూ ఏ గడ్డిబీడుకైనా తెల్లవారుజామున వెళ్ళండి, కనిపిస్తుంది. ఆ తుమ్మచెట్టు ఏ బీడులో ఉందో మాత్రం ఆయనకూ చెప్పలేదు, మీకూ చెప్పను.