పెన్సిల్ చిరునామా

నేను పోస్ట్‌మ్యాన్‌ని. మూడో అంతస్తు మేడంగారికి పంతొమ్మిదేళ్లుగా ఉత్తరాలు మోస్తున్నాను. నెలకొకటో రెండో వస్తుంటాయి. ఇన్నేళ్లలో ఆవిడకు ఇంకో మనిషి రాసిన ఉత్తరం ఒక్కటంటే ఒక్కటి. మిగతావన్నీ ఆవిడకు ఆవిడే వేసుకున్నవి. ఆ ఒక్కదాన్ని నా నోటితో నేనే పాడుచేశాను. ఆ సంగతి ఎవరితోనైనా చెప్పుకుంటే తప్ప నా మనసు కుదుటపడేలా లేదు.

ఆ ఇంటికి లిఫ్టు లేదు. యాభై నాలుగు మెట్లు. నా మోకాళ్లను అడిగితే ఒక్కో మెట్టు గురించీ చెబుతాయి. మొదట్లో నాకు ఒళ్లు మండేది. తన కవరు తనే డబ్బాలో వేసుకుని, దాన్ని నా చేత మూడంతస్తులు మోయించడమేమిటి? ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను.

"మేడంగారూ, మీ కవరు మీకే తెచ్చివ్వడానికి మధ్యలో నేనెందుకండీ? ముద్ర వేయించుకుని అక్కడి నుంచే పట్టుకొచ్చేయొచ్చు కదా!"

"చేత్తో పట్టుకొస్తే అది వట్టి కవరు తమ్ముడూ. ప్రయాణం చేసి వస్తేనే ఉత్తరం," అని నవ్వింది.

పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది అనుకున్నాను. తర్వాత్తర్వాత తెలిసింది, స్టాంపులు సేకరించే వాళ్లందరి పద్ధతీ అదేనట. దేశానికి సంబంధించిన ఏ పాత కోట మీదో, చేనేత మగ్గం మీదో, స్వాతంత్ర్యం కోసం జరిగిన ఊరేగింపు మీదో కొత్త స్టాంపు వస్తుంది. అది విడుదలైన రోజు పెద్ద పోస్టాఫీసులో దానికంటూ ఒక ప్రత్యేక ముద్ర వేస్తారు, ఆ ఒక్క రోజే. వీళ్లు పొద్దున్నే వరుసలో నిలబడి, కవరుకు స్టాంపు అంటించి, ముద్ర చెదరకుండా వేయమని గుమాస్తాను బతిమాలి, తమ పేరు మీద తామే పోస్టు చేసుకుంటారు. కవరు కడిగిన ముత్యంలా ఉండాలి. వెనక పంపినవాళ్ల పేరు ఉండకూడదు. అందుకని చిరునామా పెన్సిల్‌తో తేలిగ్గా రాస్తారు, అందగానే రబ్బరుతో తుడిచేస్తారు. మడత పడకుండా లోపల ఒక అట్టముక్క పెట్టి అంటించేస్తారు. అంటించిన కవరు ఇక జన్మలో తెరవరు. అంటే మా మేడంగారికి వచ్చే ఉత్తరాల్లో రాత ఉండదు, పైనున్న పేరు కూడా ఆ సాయంత్రానికి ఉండదు.

ఆవిడ ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. కామా జారినా కంటపడాల్సిందే. సంతకం చేయమని నేను కాగితం ఇస్తే, ముందు అందులో నేను వేసిన తేదీ దిద్దేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకండీ అంటే, "ప్రూఫులు దిద్దీ దిద్దీ మనుషుల్లోనూ తప్పులే కనిపించేవి తమ్ముడూ," అనేది. రెండు గదులు. ఒకదాంట్లో మంచం, ఇంకోదాంట్లో ఆల్బములు. రెండు కుర్చీలుంటే ఒకదాని మీద ఎప్పుడూ పాత పేపర్ల కట్ట ఉండేది. నేను వెళ్లినప్పుడు ఆ కట్ట తీసి కింద పెట్టి కూర్చోమనేది. ఆ కుర్చీలో నేను కాక ఇంకొకరు కూర్చోగా నేను చూడలేదు.

ఒకసారి వాన పడుతుంటే ఆగిపోయాను. అప్పుడు తన తండ్రి ఆల్బం తీసి చూపించింది. ఆయన బడిలో డ్రాయింగు మాస్టారు. ఇద్దరు కూతుళ్లకూ స్టాంపులు నానబెట్టడం, పట్టకారుతో ఎత్తడం, పెన్సిల్‌తో గుండ్రంగా చిరునామా రాయడం ఆయనే నేర్పాడు. ఇద్దరి రాతా ఒక్కలాగే ఉండేదట. ఒక పేజీలో రెండు స్టాంపులున్నాయి, వాటి పక్కన అంతే జాగా ఖాళీగా ఉంది.

"ఇవి నాలుగూ కలిసి ఒకే బొమ్మ తమ్ముడూ. ఊరేగింపు. ముందు జెండా పట్టుకున్నవాడు, చివర చంటిపిల్లతో ముసలమ్మ. నాన్న పోయాక చెల్లెలు సగం కావాలంది. చింపితే విలువ పోతుందే అన్నాను. 'నీకు కాగితం విలువే తెలుసు,' అని నా చేతిలోంచి లాక్కుని చింపింది. నేను కూడా ఊరుకోలేదు, అనరాని మాటలన్నాను. అప్పటి నుంచి మాటల్లేవు."

"ఎక్కడుంటారండీ ఆవిడ?"

"ఈ ఊళ్లోనే. రైలు పట్టాల అవతలెక్కడో."

ఆ సగం కోసం పాత స్టాంపులమ్మే కొట్లన్నీ తిరిగేది. దొరికినా అంచు కలవదని ఆవిడే అనేది, మళ్లీ వెళ్లేది. ఆవిడ వెతికేది స్టాంపుల కోసం కాదని నాలాంటి మొద్దుకు కూడా అర్థమైంది.

అసలు సంగతి జరిగి తొమ్మిదేళ్లవుతోంది. మగ్గం స్టాంపు వచ్చిన మర్నాడు నా సంచిలో ఆవిడకు రెండు కవర్లున్నాయి. ఎండ మండిపోతోంది. ఎక్కేసరికి నా ప్రాణం తోకకొచ్చింది. ఆవిడ రెండూ చేతిలో పెట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"నేను ఒకటే వేసినట్టు గుర్తు తమ్ముడూ. రెండొచ్చాయేం?"

"నన్నడిగితే నాకేం తెలుసండీ? మీరే రెండేసి మర్చిపోయుంటారు. మీకు మీరు కాక ఇంకెవరు రాస్తారు?"

ఎండకో, మోకాళ్ల నొప్పికో అనేశాను. ఆవిడ ఒక్క క్షణం నా వంక చూసి నవ్వేసింది. "అదీ నిజమేలే. వయసు మీద పడుతోంది," అని నా కళ్లెదుటే రబ్బరు తెచ్చి రెండింటి మీదా పేరు తుడిచేసింది. నేను మంచినీళ్లు తాగి మెట్లు దిగిపోయాను.

కొన్ని నెలల కింద పెద్ద పోస్టాఫీసులో స్టాంపుల ప్రదర్శన పెట్టారు. అందులో పెట్టే ముందు కవర్లను పరీక్షిస్తారట, తన పెట్టె తీసుకెళ్లాలంటే నేనే మోశాను, ఆ రోజు నాకు సెలవు. పరీక్ష చేసే పెద్దాయన ఒక్కో కవరూ దీపానికెత్తి చూస్తున్నాడు. మగ్గం కవరు దగ్గర ఆగాడు.

"ఇందులో ఏదో ఉత్తరముందే మేడం."

"నా కవర్లలో అట్టముక్క తప్ప ఏమీ ఉండదండీ. అన్నీ నా చేత్తో అంటించినవే."

"మీరే చూడండి. రెండు స్టాంపులు కూడా ఉన్నట్టున్నాయి."

ఆవిడ అద్దాలు తుడుచుకుని చూసింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత బ్లేడు అడిగింది.

"తెరిస్తే విలువ పోతుంది మేడం," అన్నాడాయన.

"పోనీండి," అంది.

లోపల ఒకే మడత పెట్టిన కాగితం. అందులో జత స్టాంపులు, చంటిపిల్లతో ముసలమ్మ. కాగితం మీద అదే గుండ్రటి రాత. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తొమ్మిదేళ్లూ అవి ఆవిడ ఇంట్లోనే ఉన్నాయి. ఆవిడ చదివి కాగితం నా చేతికిచ్చింది.

"అక్కా, నా సగం ఇందులో పెట్టాను, అంటించెయ్. చింపకుండా ఉండాల్సింది. మళ్లీ కొత్త స్టాంపు వచ్చిన రోజు కౌంటరు ఎదురుగా స్తంభం దగ్గర నిలబడతాను. ఒక్కసారి పలకరించు, చాలు. పలకరించలేదంటే నీకిష్టం లేదనుకుంటాను. ఇంకెప్పుడూ నీ జోలికి రాను." కింద చిరునామా ఉంది.

బయట బల్ల మీద కూర్చున్నాక ఆవిడ అంది: "మగ్గం తర్వాతి స్టాంపు వచ్చిన రోజు దాన్ని చూశాను తమ్ముడూ. స్తంభం దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. ఎంత పొగరు, అక్కడ నిలబడ్డది గానీ రెండడుగులు వేసి రాలేదు అనుకున్నాను. పక్క గుమ్మంలోంచి వెళ్లిపోయాను."

నాకు ఏడుపొచ్చింది. సిగ్గులేకుండా ఏడ్చాను. "ఆ రెండో కవరు తెచ్చినప్పుడు నేనే కదండీ అలా అన్నది. నా నోరు పడిపోను!"

"నువ్వు నోటితో అన్నావు. నేను లోపల అదే అనుకుంటున్నాను కాబట్టి నమ్మాను. లేకపోతే నా కంటికి ఆ రాత తేడా తెలియదా?" అంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ వందసార్లు చెప్పింది. ఏం లాభం?

ఆ సాయంత్రమే ఆవిడ చెల్లెలికి కవరు రాసింది. జీవితంలో మొదటిసారి చిరునామా సిరాతో రాసింది. వెనక తన పేరు కూడా రాసింది. ముద్ర వేయించుకుని నేనే సైకిలెక్కి పట్టాల అవతలికి పోయాను. అది నా బీటు కాదు, అడిగి తీసుకున్నాను. ఆ ఇంట్లో ఎవరో కొత్తవాళ్లున్నారు. కింద కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ చెప్పాడు.

"టీచరమ్మా? ఖాళీ చేసి నాలుగేళ్లయిందండీ. ఎక్కడికో చెప్పలేదు. ఉన్నన్నాళ్లూ మీ పోస్ట్‌మ్యాన్ కనిపిస్తే చాలు, మా అక్క దగ్గర్నుంచి ఏమైనా వచ్చిందా అని అడిగేది. మీరు కాదనుకోండి, ఇటు వచ్చే ఆయన్ని."

ఆవిడ ఎప్పుడైనా ఇటు వస్తే అక్క ఉత్తరం రాసిందని చెప్పమని దర్జీ చేతులు పట్టుకుని అడిగాను. తర్వాత నిబంధన ప్రకారం, 'ఇల్లు మారారు' అని ఎర్ర సిరాతో రాయక తప్పలేదు. రెండు రోజులు ఆ కవరు సంచిలోనే దాచాను. మూడోరోజు మెట్లెక్కి ఇచ్చాను. ఆవిడ దాన్ని అందుకుని, కుర్చీ మీది పేపర్ల కట్ట తీసి నన్ను కూర్చోమంది.

ఇప్పుడు కొత్త స్టాంపు వచ్చినప్పుడల్లా ఆవిడ రెండు కవర్లు వేస్తుంది. ఒకటి తనకు పెన్సిల్‌తో, ఒకటి చెల్లెలికి ఆ పాత చిరునామాకే సిరాతో. తనది నా దగ్గరే పెట్టుకుని, అవతలిది తిరిగొస్తే రెండూ కలిపి, రాకపోతే ఒకటే తెమ్మని నాకు చెప్పింది. నేను పై మెట్టు మీద ఉండగానే తలుపు తీసి అడుగుతుంది.

"ఎన్ని తమ్ముడూ?"

"రెండండీ."

తల ఊపి తీసుకుంటుంది. నా ఉద్యోగం ఇంకా ఏడు నెలలుంది. మోకాళ్లు అరిగిపోయినా ఫరవాలేదు, ఒక్కసారి ఆ మెట్లన్నీ ఎక్కి, "ఒకటేనండీ" అని చెప్పాలి.