పోపులపెట్టెలో చింతగింజ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. పని లేనివాళ్ళకే అవి కనబడతాయని, చింతపండు బుట్ట ఒకటి ముందు పెట్టి గింజ తీయమంటే ఏ దయ్యమైనా పారిపోతుందని ఎంతమందికో చెప్పాను. మూడో తరగతితో చదువు ఆపేసినదాన్ని. ఈ రాతలో తప్పులుంటే ఉంటాయి, అబద్ధం మాత్రం ఉండదు.

ఆరేళ్ళుగా చూస్తున్న సీరియల్ ఈ మధ్యనే అయిపోయింది. చూసినవాళ్ళందరూ ఫోన్లలో దానికి వీడ్కోలు రాస్తున్నారని మనవరాలు చెప్పింది. నాది ఇది.

మాది కార్వేటినగరం. నేనూ, మా తోడికోడలు మునెమ్మా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. మొగుళ్ళిద్దరూ పోయాక రెండు పొయ్యిలు దండగని నేనే ఒకటి ఆర్పించాను. మధ్యాహ్నం చింతపండు కొట్టి గింజ తీస్తూ, ఒంటిగంటన్నరకు ఆ సీరియల్ చూసేవాళ్ళం. అరగంట టీవీ, తరవాత గోడ దగ్గర స్విచ్చు ఆపేసేదాన్ని.

కథ ఒక పెద్ద ఇంట్లో జరుగుతుంది. మొదటిరోజే ఇంటి పెద్దాయన తన గదిలో చచ్చిపడి ఉంటాడు. విషం పెట్టారంటారు. అనుమానం పెద్దకోడలు, డ్రైవరు, డాక్టరుతో కలిపి ఏడుగురి మీద. చంపినవాళ్ళెవరో ఆరేళ్ళయినా చెప్పలేదు.

మా అత్త కాలం నాటి కొయ్య పోపులపెట్టె ఒకటుంది. ఏడు గుంటలు. మూత పగిలితే పారేయడానికి మనసొప్పక, వడ్లాయన చేత కొత్త మూత బిగువుగా చేయించాను. అప్పటినుంచి వంటకు వాడలేదు. మునెమ్మ ఆ ఏడు గుంటలకూ ఏడుగురి పేర్లు పెట్టింది. నాదొక చింతగింజ, తనదొక చింతగింజ. గుర్తుకోసం తన గింజను ఒకవైపు బండమీద తెల్లగా అరగదీసుకుంది. రోజూ సీరియల్ అయ్యాక ఎవరిమీద అనుమానముంటే ఆ గుంటలో గింజ వేసేవాళ్ళం.

ఒక్క గుంట ఆరేళ్ళూ ఖాళీగానే ఉండింది. అది ఆ ఇంటి పెద్దకోడలిది. కోపిష్టి, పిసినారి. ఆమెను అనుమానించడానికి మునెమ్మ ఒప్పుకునేది కాదు.

"ఆయమ్మ అచ్చం నీ మాదిరే గదక్కా. తిడతాది గానీ సంపదు" అని నవ్వేది.

"నోరు మూసుకోని గింజెయ్ మే" అనేదాన్ని.

"ఎవురు సంపినారో తెలీకుండా నేను పోతే, యముడితో గూడా కొట్లాడి వస్తా సూడు" అనేది.

ఆరోజు సీరియల్ మొదలైన కాసేపటికి, చింతపండు కొడుతున్న చెయ్యి ఆపింది.

"అక్కా, రొమ్ములో పట్టేసినట్టుండాది."

"గ్యాసు. పొద్దున సద్దెన్నం తినొద్దంటే ఇన్నావా? వాము నములు."

లేచి వాము తెచ్చుకుని నమిలింది. ప్రకటనలు వచ్చినప్పుడు మళ్ళీ పిలిచింది. చెయ్యి లాగుతోందంది. నేను టీవీ మీదనుంచి చూపు తిప్పలేదు.

"ఇది అయిపోనీ మే. ఇంగ పది నిమిషాలే గదా."

అయిపోయింది. అలవాటు తప్పకుండా పోపులపెట్టె తీసి డ్రైవరు గుంటలో తన గింజ వేసింది. నేను డాక్టరు గుంటలో వేశాను. ఆమె వేళ్ళు చెమటకు తడిసి ఉన్నాయి. మూత నేనే నొక్కి పెట్టాను. స్విచ్చు ఆపి తిరిగేసరికి మునెమ్మ చింతపండు మీదికి ఒరిగిపోయి ఉంది.

ఆటోలో పుత్తూరుకు తీసుకుపోయాం. దారిలోనే ప్రాణం పోయింది. "అరగంట ముందు తెచ్చుంటే చూసేవాళ్ళం" అన్నాడు అక్కడి డాక్టరు. ఉన్నట్టుండి పడిపోయిందని అందరికీ చెప్పాను. ఆమె కొడుక్కీ అదే చెప్పాను. ఆ అరగంట సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

చావు ఇల్లు కాబట్టి టీవీ మీద గుడ్డ కప్పేశాం. ఆటవస్తువు కళ్ళముందు ఉండకూడదని పోపులపెట్టెను ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా బొడ్లోనుంచి తీయలేదు. నిద్రలో కూడా.

ఆ పదకొండు రోజుల్లోనే సీరియల్ అయిపోయింది. కర్మ అయిన మరునాడు పక్కింటి రెడ్డెమ్మ వచ్చి వాకిట్లో కూర్చుంది. మునెమ్మ గురించి కాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని చెప్పింది.

"పాపం, కడాకు సూడకుండానే పోయింది. ఎవురూ విషం పెట్టలేదంట పెద్దమ్మా. ఆ ముసలాయన గుండె పట్టుకోని పిలస్తా ఉంటే, పెద్దకోడలు ఇని గూడా తలుపు తియ్యలేదంట. బయటే కూసోనుండాదంట, మహాతల్లి!"

మజ్జిగ ఇస్తానని చెప్పి లోపలికి వచ్చాను. ఎందుకు ట్రంకుపెట్టె తెరిచానో చెప్పలేను. తాళం వేసినట్టే ఉంది. పోపులపెట్టె నేను పెట్టినట్టే, నా పాత చీర కిందే ఉంది. మూత గట్టిగా పట్టుకుని ఉంటే గరిటె కాడతో లేపాను.

నా గింజ డాక్టరు గుంటలో ఉంది. డ్రైవరు గుంట ఖాళీ. అరగదీసిన గింజ పెద్దకోడలి గుంటలో ఉంది, తెల్లవైపు పైకి.

పెట్టె కదిలి ఉంటుందని మొదట అనుకున్నాను. కదిలితే రెండు గింజలూ కదలాలి. గుంటలు లోతు. వాటి మధ్య గోడల మీద మూత అతుక్కుని ఉంటుంది, ఆవగింజ కూడా దాటదు. ఆరోజు మునెమ్మ డ్రైవరు గుంటలోనే వేసిందా అని నన్ను నేను వందసార్లు అడుక్కున్నాను. వేసింది. "వీడే అక్కా, వీడి సూపు బాగలేదు" అంది కూడా. ఆమె నాతో మాట్లాడిన చివరి మాట అదే.

ఆ రోజునుంచి టీవీ పెట్టలేదు. రెడ్డెమ్మకు గానీ, మునెమ్మ కొడుక్కి గానీ ఈ సంగతి చెప్పలేదు. ఇది ఎవరైనా చదివి వినిపిస్తే వాడికి తెలుస్తుంది. తెలియనీ.

దయ్యాలున్నాయని నేను ఇప్పటికీ అనను. తాళం వేసిన పెట్టెలో మునెమ్మ గింజ ఎట్లా మారిందో నాకు తెలియదు.

నా గింజను మాత్రం తీసి పెద్దకోడలి గుంటలో దాని పక్కన పెట్టాను. నాది మార్చింది నేనే.