గోల్‌కీపర్‌ని ఓదార్చబోతే

మొన్న శుక్రవారం ఖోబర్‌లో మా కాలేజీ కప్పు గెలిచిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. నా వీపు వీడియో కూడా మీ ఫోన్లకు వచ్చే ఉంటుంది. గ్రూపుల్లో గెలిచిన గోల్ కంటే నా వీపే ఎక్కువ తిరుగుతోంది. తలా ఒక కథ చెబుతున్నారు కాబట్టి, ఛాయ్ చల్లారేలోపు అసలు జరిగింది నా నోటితోనే వినండి.

ఇక్కడ సౌదీలో దమ్మామ్, ఖోబర్, ధహ్రాన్ చుట్టుపక్కల పనిచేసే పాత విద్యార్థులకు ఏటా చలికాలంలో కాలేజీల ఫుట్‌బాల్ పోటీ పెడతారు. జట్టుకు ఏడుగురు. కేరళ కాలేజీల వాళ్ళు బంతితోనే పుట్టినట్టు ఆడతారు. కరీంనగర్ వైపున్న మా ఇంజనీరింగ్ కాలేజీ జట్టు మాత్రం ఏటా మొదటి రౌండులోనే ఓడిపోయి, మిగతా వాళ్ళ ఆట చూస్తూ సమోసాలు తిని ఇంటికొచ్చేది.

తప్పంతా మాది కాదులెండి. ఒక ఏడాది మంచి ఫార్వర్డ్ దొరికాడనుకుంటే, సౌదీవాళ్ళకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాకత్ లెక్కలో ఆయన కంపెనీ ఎరుపు రంగులో పడి ఆయన్ని ఇంటికి పంపేసింది. ఇంకో ఏడాది డిఫెన్స్ కుదిరిందనుకుంటే, భార్యాపిల్లల మీద తలకింతని లెవీ పన్ను వేశారని ఆయన వాళ్ళందరినీ తీసుకుని వెళ్ళిపోయాడు. లెక్క తీసి చూశాను. మా జట్టు కొట్టిన గోల్స్ కంటే దేశం వదిలి పొమ్మని మా జట్టుకు పడిన ఫైనల్ ఎగ్జిట్ ముద్రలే ఎక్కువ.

లెక్క తీశానన్నాను కదా, జట్టులో నా పని అదే. నాకు ఆట రాదు. ఆఫీసులో ప్లానింగ్ ఇంజనీర్‌ని, అంకెలు కనిపిస్తే ఆగలేను. ఎన్ని పాసులు, ఎన్ని షాట్లు, ఎవరు ఎన్నిసార్లు బంతి పోగొట్టారు, అన్నీ రాసి గ్రూపులో పెడతాను. ఎవరూ అడగలేదు. అడగకముందే చేయడం నా అలవాటు.

ఈ ఏడాది సంగతి వేరు. మా కెప్టెన్ రఫీక్ భాయ్‌కి ఇదే ఆఖరి సీజన్. ఈ జట్టును పుట్టించిందే ఆయన. కొత్తగా వచ్చిన ప్రతి జూనియర్‌నీ ఎయిర్‌పోర్ట్ నుంచి రూముకు కాదు, సరాసరి గ్రౌండుకు తీసుకెళ్ళే మనిషి. ఇప్పుడు ఆయన కంపెనీ కూడా ఎరుపులో పడింది, ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు రెన్యువల్ కాలేదు. ఫైనల్ ఎగ్జిట్ కొట్టేశారు, టికెట్ కూడా అయిపోయింది. మళ్ళీ వచ్చే ఆశ లేదు. వెళ్ళేలోపు ఒక్క కప్పు ఎత్తాలన్నది ఆయన కోరిక, మా అందరి కోరిక కూడా.

అలాంటి సమయంలో మా వాళ్ళు గెలవడం మొదలుపెట్టారు. వరసగా గెలిచి, ఒక కేరళ కాలేజీతో ఫైనల్‌కి వచ్చేశారు. ఆ శుక్రవారాలన్నీ నేను జుబైల్‌లో ప్లాంటు షట్‌డౌన్ డ్యూటీలో ఉన్నాను. వస్తూనే, గ్రూపులో వచ్చిన స్కోర్లు పట్టుకుని, నేను చెప్పిన చిన్న పాసుల పద్ధతి వల్లే ఇదంతా అని చూపించడానికి ఒక అందమైన గ్రాఫ్ వేసి గ్రూపులో పెట్టాను.

దాన్ని అందరికంటే శ్రద్ధగా చూసింది మా గోల్‌కీపర్ నర్సన్న. ఏసీ మెకానిక్కుల సూపర్‌వైజర్. కాలేజీలో మాకు చాలా సీనియర్. వెంటనే ఫోన్ చేశాడు.

"తమ్మీ, గ్రాఫ్ మంచిగున్నది. నువ్వు ఒచ్చిన మ్యాచులన్నీ కింద ఉన్నయి, రానియి మీద ఉన్నయి. నువ్వే చూస్కో."

చూసుకున్నాను. ఇన్నేళ్ళలో నేను కళ్ళతో చూసిన మ్యాచ్ ఒక్కటి కూడా గెలవలేదు. పాసుల కథంతా ఉత్తదే. గ్రాఫ్‌లో తేలింది నా దరిద్రం ఒక్కటే. నమ్మకాల సంగతైతే వాదించేవాణ్ణి. అంకెలతో ఎలా వాదిస్తాను?

చివరికి ఒప్పందం కుదిరింది. ఫైనల్‌కి రావచ్చు, చూడకూడదు. గోల్‌పోస్టు వెనక ఉన్న గేటు బయట, రోడ్డు వైపు తిరిగి నిలబడాలి. గెలిస్తే జట్టు వ్యాన్ డ్రైవర్ పొడుగ్గా హారన్ కొడతాడు, అప్పుడు లోపలికి రావాలి. హారన్ ఆలోచన నాదే. నాకు బాగా గర్వంగా కూడా అనిపించింది.

ఆట మొదలైంది. నా ముందు రోడ్డు, బఖాలా కొట్టు, పార్కింగ్‌లో ఒక పిల్లి. వెనక అరుపులు. మావాళ్ళ అరుపుకీ మలయాళీల అరుపుకీ తేడా పట్టుకుంటూ స్కోరు ఊహిస్తున్నాను. బఖాలాకి నీళ్ళ సీసా కోసం వచ్చిన మావాడు ఒకడు చెప్పాడు, ఒకటి ఒకటి సమానంగా ముగిసిందని, పెనాల్టీలకు పోయిందని. పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్‌లోపు తేల్చేయాలని రిఫరీ తొందర పెడుతున్నాడట. నేను ఆ పిల్లి వైపే చూస్తూ నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను.

అప్పుడు మోగింది హారన్. పొడుగ్గా, సంతోషంగా. ఒకటి కాదు, పది హారన్లు.

మీకు అర్థమైపోయి ఉంటుంది. ఆ సాయంత్రమే ఊళ్ళోని సౌదీ క్లబ్ ఏదో పెద్ద మ్యాచ్ గెలిచింది. కుర్రాళ్ళు కార్ల కిటికీల్లోంచి జెండాలు ఊపుతూ సముద్రపొడ్డు కార్నిష్ వైపు పోతున్నారు. ఆ కార్లు నా ముందు నుంచే పోతున్నాయి. జెండాలు కూడా కనిపిస్తున్నాయి. అయినా నా బుర్రకు ఎక్కింది ఒక్కటే, మా వ్యాన్‌ను చూసి ఊరంతా మా గెలుపుకు హారన్ కొడుతోందని.

గేటు తోసుకుని లోపలికి పరిగెత్తాను. ఎదురుగా గోల్‌లో అవతలి జట్టు కీపర్ కనిపించాడు. రెండు చేతులూ బార్లా చాపి, కాస్త వంగి, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. నా గుండె కరిగిపోయింది. పాపం, ఓడిపోయిన బాధలో ఎవరైనా వచ్చి కౌగిలించుకుంటే బాగుండునని చేతులు చాపాడు అనుకున్నాను. మన సంబరం తర్వాత, ముందు ఆయన్ని ఓదార్చాలి. పోస్టు పక్కనుంచి దూరి ఎదురుగా వెళ్ళి గట్టిగా వాటేసుకుని, "కోయీ బాత్ నహీ భాయ్, బహుత్ అచ్ఛా ఖేలా" అన్నాను.

ఆయన నా భుజం మీదుగా దేన్నో చూస్తున్నాడు. కళ్ళు పెద్దవవుతున్నాయి.

వీపు మీద బాంబు పడినట్టు పడింది బంతి.

రఫీక్ భాయ్ కొట్టిన బంతి అది. అవతలి వాళ్ళ ఆఖరి షాట్‌ను నర్సన్న ఆపేశాడట. ఇది గోల్ అయితే కప్పు మనదట. ఇవన్నీ నేను గడ్డి మీద బోర్లా పడి ఉండగా, నర్సన్న నన్ను తిడుతున్న తిట్ల మధ్యలోంచి ఏరుకున్నాను. పది మంది చుట్టూ చేరారు. గోల్‌లోకి పోయే బంతిని ఆపానని మావాళ్ళు, బయటికి పోయేదాన్ని ఆపానని వాళ్ళు. "నీ వీపు అడ్డం లేకుంటే ఆ బంతి సముద్రం మీది బ్రిడ్జి దాటి బహ్రెయిన్ పోతుండె" అని మా డిఫెండరే ఒకడు నా చెవిలో అన్నాడు.

రిఫరీ సూడాన్ పెద్దమనిషి. అందరినీ చేత్తో ఆపి, బయటి మనిషికి తగిలింది కాబట్టి షాట్ మళ్ళీ కొట్టాలన్నాడు. నన్ను ఒకసారి ఎగాదిగా చూశాడు. ఇంత బయటి మనిషిని ఎప్పుడూ చూడనట్టు.

నర్సన్న నా కాలర్ పట్టుకుని గేటు వైపు ఈడ్చుకెళ్తున్నాడు. అప్పుడు రఫీక్ భాయ్ పిలిచాడు.

"నర్సన్నా, వాణ్ణి ఇడువు. ఈడనే నిలబడనీ."

"రఫీకూ, వీడు చూస్తే పోతదిరా. లెక్క వాడే తీసిండు."

"పోతే పోనీ. నేను మల్ల ఈ గ్రౌండుకు ఒచ్చేది లేదు. ఇన్నేండ్లు ఓడుతుంటే చూసినోడు, ఒక్కపారి గెలుస్తుంటే చూడొద్దా?" నా వైపు తిరిగాడు. "తమ్మీ, కండ్లు మూసినవంటే మంచిగుండది."

నర్సన్న కాలర్ వదిలేశాడు. వీపు మండుతోంది. నా లెక్క ప్రకారం గెలిచే అవకాశం సున్నా. అయినా కళ్ళు తెరిచే ఉంచాను. రఫీక్ భాయ్ బంతిని పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, పెద్ద హడావిడి లేకుండా కుడి మూలకు తోశాడు. నేను కౌగిలించుకున్న కీపర్ రెండో వైపు దూకాడు.

వల కదలడం నేను చూశాను. నా రెండు కళ్ళతో.

ఆ తర్వాత ఎవరు ఎవరి మీద పడ్డారో తెలియదు. నర్సన్న నన్నే ఎత్తుకుని తిప్పాడు. అప్పుడు కొట్టాడు మా వ్యాన్ డ్రైవర్ హారన్. దూరంగా సౌదీ కుర్రాళ్ళ కార్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి, ఈసారి అవి నిజంగానే మాకోసం అనుకున్నా తప్పు లేదనిపించింది. కప్పు రఫీక్ భాయ్ చేతుల్లో ఉండగా అజాన్ వినిపించింది. ఆయన దాన్ని నా చేతిలో పెట్టి నమాజుకు వెళ్ళాడు.

కప్పు ఇక్కడే ఉండాలి, ఏటా గెలిచినవాళ్ళ దగ్గరికి మారుతుంది. అందుకని ఎయిర్‌పోర్ట్‌కు బయలుదేరేముందు ఆయన నా తెల్ల టీషర్ట్ అడిగాడు. వీపు మీద గుండ్రటి మట్టి ముద్ర అలాగే ఉంది. ఉతికిస్తానంటే తిట్టాడు. ఇంట్లో పిల్లలకు చూపించాలట.

నిన్న కూర్చుని సీజన్ లెక్కలు పూర్తిచేశాను. నేను చూసిన గెలుపుల గడిలో మొదటిసారి ఒకటి వేశాను. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఆపిన షాట్ల గడికి వచ్చాను. అక్కడ నర్సన్న పేరు కింద నిజాయితీగా నా పేరు కూడా రాయాల్సి వచ్చింది. ఫైనల్లో నేను కూడా ఒకటి ఆపాను. మన కెప్టెన్‌దే.