కాంటెస్సాలో రాయి

వజ్రకరూరు దగ్గర ఒక చేను గట్టున పడి ఉన్న పాత కాంటెస్సా కారును కొన్నప్పుడు, అమ్మిన పెద్దాయన ఒక మెలిక పెట్టాడు. బండి ఇప్పుడే తీసుకుపోవచ్చు గానీ, పేరు మార్చే కాగితం మీద సంతకం మాత్రం దాన్ని మొత్తం విప్పాకే పెడతాడట. విప్పేటప్పుడు తాను పక్కనే ఉండాలట.

"ఎందుకు పెద్దాయనా అంత అనుమానం?" అన్నాను.

"నువ్వు విప్పప్పా, నేను చూస్తా. అంతే."

అనంతపురంలో నాది బోరు మోటార్లకు వైండింగు చేసే షాపు. వారమంతా రాగి తీగతో కుస్తీ పట్టేవాణ్ణి, ఆదివారమైనా నాకు నచ్చిన పని చేసుకుందామని ఆ బండి తెచ్చుకున్నాను. ఆ పొడుగాటి బానెట్ మీద చిన్నప్పటినుంచీ నాకు మనసు. సంతకం లేకపోతే ఎంత బాగుచేసినా అది రోడ్డెక్కదు. సరే, చూసుకోనీ అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే బస్సు దిగి వచ్చేవాడు. మా రేకుల షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నేను సీటు ఊడదీస్తే లోపలి పీచంతా వేళ్లతో కెలికేవాడు. తలుపు అట్ట తీస్తే నాకంటే ముందు ఆయన చెయ్యి లోపలికి పోయేది. నేను జేబులో చెయ్యి పెట్టుకున్నా ఆయన చూపు అక్కడే. నాకు ఒళ్లు మండిపోయేది. నా ఇంట్లో నన్నే దొంగను చూసినట్టు చూడటమేమిటి?

ఒకరోజు ఉండబట్టలేక గట్టిగా అడిగేశాను. కాసేపు నసిగి అసలు సంగతి బయటపెట్టాడు. వాన పడితే వాళ్ల ఊళ్లో జనమంతా చేలల్లో వజ్రాలు వెతుకుతారు కదా, అలా వాళ్ల నాయనకు మంచి రాయి ఒకటి దొరికిందని, తమ్ముళ్లకు వాటా ఇవ్వాల్సి వస్తుందని ఈ కారులో దాచాడని ఊరంతా అనుకున్నారట. చిన్నాయనలు మళ్లీ ఆ ఇంటి గడప తొక్కలేదట.

"లేదురా అని నాయన ఒట్టేసినాడు. నేనూ నమ్మలేదప్పా. సచ్చేదాకా ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు," అన్నాడు.

అయ్యో పాపం అనిపించింది. ఇక ఆయన కోసమే డాష్‌బోర్డు ఊడదీశాను, హెడ్‌లైట్లు విప్పాను. వెల్డరును షెడ్డుకే పిలిపించి పెట్రోలు ట్యాంకు కూడా కోయించాను. తుప్పు, ఎలుక గూడు, నాలుగు శనక్కాయ తొక్కలు, అంతే.

"చూస్తివి కదా పెద్దాయనా. మీ నాయన నిజమే చెప్పినాడు," అన్నాను. సంతోషపడతాడనుకున్నాను.

ఆయన ముఖం మాడిపోయింది. "ఇంజను యాడ విప్పినావు?"

"లేతు షాపులో. బిగుసుకుపోయిండాది కదా, ఆ మేస్త్రీకి బుధవారమే తీరింది."

"నేను లేనప్పుడు."

"ఇంజన్లో ఎవరన్నా రాయి దాస్తారా?"

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. "నాకు వాటా వద్దప్పా. దొరికిందని ఒక్క మాట చెప్పు. ఇప్పుడే సంతకం పెడతా."

పెట్టించుకోవచ్చు. నోరు తెరిస్తే చాలు, బండి నాదవుతుంది. కానీ ఎప్పుడో పోయిన ఆ మనిషిని ఆయన కొడుకు ముందే దొంగను చెయ్యడానికి నాకు నోరు రాలేదు.

"లేదు," అన్నాను.

పెన్ను జేబులో పెట్టుకుని, నా వైపైనా చూడకుండా వెళ్లిపోయాడు. కోపంతో ఊగిపోతూ ఇంట్లోకి వచ్చాను. మా ఆవిడ నీళ్లచెంబు చేతికిచ్చి, వీధి తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి అడిగింది.

"నాకన్నా చెప్పు. నిజంగా ఏమీ దొరకలేదా?"